గుడ్డ కప్పిన సంగీతం

"ఇంకా గుడ్డ కప్పినట్టే ఉందమ్మా," అన్నాడు మాస్టారు.

ఆ పూటకి ఆ మాట అనడం నాలుగోసారి.  ఆమె, సన్నటి శబ్దాలని పెంచే ట్రెబుల్ గుండీని ఒక్క గీత పైకి తిప్పి, ట్రాక్‌ని వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ మొదటినుంచి వినిపించింది. కిటికీ లేని గది అది. గోడలకి దళసరి గుడ్డ అంటించి ఉంది. మనిషంత ఎత్తున్న రెండు స్పీకర్లలోంచి, మంచు కింద నీళ్ళు కదులుతున్న చప్పుడు నెమ్మదిగా పైకి లేచింది. నిజానికి అవి నీళ్ళు కావు. మాస్టారు తన పాత సింథసైజరు మీద రెండు వేళ్ళు ఆనించి, ఆరు నిమిషాలపాటు ఎత్తకుండా పట్టుకున్న ఒకే ఒక్క స్వరం.

మాస్టారు కళ్ళు మూసుకుని, గడ్డం పైకెత్తి విన్నాడు. ఆయన వెనక సోఫాలో కూర్చున్న కూతురు ఫోను చూస్తూ చూస్తూ కుడిచెవిలో చిటికెన వేలు పెట్టి కదిలించుకుంది. తర్వాత లేచి బయటికి వెళ్ళిపోయింది.

"ఇప్పుడెలా ఉంది మాస్టారూ?"

"కొంచెం నయం. ఇంకా తెరుచుకోలేదు. ఇంకొక్క గీత పెంచు."

అప్పటికే ఎక్కువైందని ఆమెకి తెలుస్తూనే ఉంది. అయినా పెంచింది.

సంగీతమంతా అయిపోయాక, జనంలోకి వెళ్ళే ముందు ఆఖరిసారి ఒక చెయ్యి వేసి సరిచూసే పని ఆమెది. ఇరవై రెండేళ్ళుగా అదే చేస్తోంది. స్టూడియోల వాళ్ళు ఆమెని చెవులమ్మ అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, ఇప్పుడు ఎదురుగానే అంటున్నారు. ఒకసారి వయొలిన్ వాయించిన మనిషి చేతి గడియారం టిక్కుటిక్కుమనడం రికార్డింగులో పట్టుకుని, అందరి చేతా మళ్ళీ వాయింపించిందట. అప్పుడు పడిన పేరు. ఆ పేరంటే ఆమెకి లోలోపల ఇష్టమే. శబ్దాన్ని గీతల్లో చూపించే తెర ఒకటి ఎదురుగా ఉన్నా దాని మీద తువ్వాలు కప్పి ఉంచుతుంది. గీతలు చూస్తూ కూర్చుంటే వినడం మానేస్తామని పని నేర్పిన గురువు చెప్పాడు. ఆ మాట ఆమె ఏనాడూ జవదాటలేదు.

ఈ ఆల్బం ఒక సైన్స్ ఫిక్షన్ సినిమాది. సూర్యుడి వెలుతురు సరిగా అందని ఒక గ్రహం, దాని మీద మంచు, ఆ మంచు కింద ఉన్నట్టుండి జవాబు ఇవ్వడం మానేసిన ఒక కేంద్రం. దాన్ని బాగుచెయ్యడానికి ఒక్కతే బయల్దేరిన మెకానిక్ కథ. సినిమాలో మాటలు చాలా తక్కువ. ఉన్నదంతా మాస్టారి సంగీతమే. పదకొండు ట్రాకులు, యాభై నిమిషాలు. పాటా లేదు, తాళమూ లేదు. గాలి, రొద, ఎక్కడో దూరంగా మొదలై దగ్గరికి వచ్చేలోపే ఆగిపోయే ఏదో మోత. తొమ్మిదేళ్ళ తర్వాత మాస్టారిని పిలిచి ఇచ్చిన సినిమా ఇది. శుక్రవారం సాయంత్రానికి ఆల్బం కంపెనీకి చేరాలి.

ఆ రోజు సోమవారం. ఆయన వెళ్ళేటప్పటికి ట్రెబుల్ గుండీ ఏడు గీతలు పైకెక్కి ఉంది. అన్నేళ్ళలో ఏ సంగీతానికీ ఆమె మూడు గీతలకి మించి పెంచింది లేదు.

మంగళవారం పొద్దున్నే కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు. ఎప్పుడూ మెత్తగా మాట్లాడే మనిషి.

"మేడం, నిన్న పంపించిన నాలుగు ట్రాకులు విన్నాం. మరోలా అనుకోకండి, ఆఫీసులో మా పిల్లలంతా చెవులు మూసుకున్నారు. ఎక్కడో ఏదో గుచ్చుతోందంటున్నారు."

"గుచ్చడం ఏంటి? ఎక్కడ గుచ్చుతోంది?"

"అదే చెప్పలేకపోతున్నారు. ముఖ్యంగా మూడో ట్రాకులో. సన్నగా, ఈల వేసినట్టు ఉందంటున్నారు."

"ఈలా? నా ట్రాకులో?" ఆమె గొంతు లేచింది. "ట్రెబుల్ ఎక్కువుంది, అంతవరకు నేనూ ఒప్పుకుంటా. అది మాస్టారు అడిగి పెట్టించుకున్నది. ఈలలూ గోలలూ లేవు. మీ వాళ్ళు దేంట్లో విన్నారు? ఆ బఠాణీ గింజల్లాంటివి చెవుల్లో పెట్టుకునేనా?"

"అవును మేడం."

"అయితే ముందు అవి మార్చమనండి," అని పెట్టేసింది.

పెట్టేశాక మూడో ట్రాకు మళ్ళీ వింది. గది తలుపు గట్టిగా బిగించి, ఫ్యాను ఆపి, ఊపిరి బిగబట్టి వింది. నీళ్ళు కాని నీళ్ళు, మంచు కాని మంచు. ఈల లేదు. ఆ పిల్లల మీద జాలిపడింది.

పది గంటలకి మాస్టారు వచ్చాడు. ఆమె ఒక ఉపాయం చేసింది. పెంచిన ఏడు గీతల్లో మూడు తగ్గించి, చెప్పకుండా వినిపించింది. అర నిమిషం కాలేదు, ఆయన మొహం ముడుచుకుపోయింది.

"మళ్ళీ గుడ్డ కప్పావేంటమ్మా?"

"మాస్టారూ, కంపెనీ వాళ్ళకి గుచ్చుకుంటోందట."

"ఏంటీ?"

"గుచ్చుకుంటోందట!"

"సంగీతం అన్నాక గుచ్చుకోవాలి. ఆ మంచులో గాలి తగిలితే చెంప కోసుకుపోవాలి. నువ్వేమో చలికి దుప్పటి కప్పుతున్నావు." ఆయన చేత్తో గాలిని చీల్చి చూపించాడు. "నీకు మంచి చెవులని విన్నాను. నేనే పొరబడ్డానేమో."

ఆమెకి ఒళ్ళు మండింది. ఒకరేమో గుచ్చుతోందంటారు, ఒకరేమో మూసుకుపోయిందంటారు. ఇద్దరి నడుమా ఒక్క గుండీ, దాని మీద తన వేలు. సాయంత్రం దాకా ఆ వేలు పైకి, కిందికి, మళ్ళీ పైకి తిరిగింది. వెనక సోఫాలో కూతురు గంటకోసారి లేచి బయటికి వెళ్ళి వస్తూనే ఉంది. ఈ తరానికి ఆరు నిమిషాలు ఒకచోట కూర్చునే ఓపిక కూడా లేదని ఆమె పళ్ళు నూరుకుంది. మాస్టారు వెళ్ళేసరికి గుండీ ఎనిమిదో గీత దగ్గర ఉంది.

బుధవారం ఆమెకి ఒక అనుమానం వచ్చింది. తప్పు తన దగ్గర కాక అసలు రికార్డింగులోనే ఉందేమో. మాస్టారు ఇంట్లోనే ఒక గదిలో రికార్డు చేసుకుంటాడు. సింథసైజరు తీగని నేరుగా యంత్రానికి కలపడు. స్పీకరులోంచి వినిపించి, ఎదురుగా మైకు పెట్టి పట్టుకుంటాడు. గదిలో గాలి కూడా సంగీతంలోకి రావాలంటాడు. ఆ అసలు టేపులు చూద్దామని మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళింది.

మెట్లెక్కి గంట నొక్కింది. లోపల గంట గణగణ మోగడం ఆమెకి వినపడుతోంది. ఎవరూ రాలేదు. నాలుగోసారి నొక్కాక కింద షాపుకి వెళ్ళిన కూతురు సంచీతో వచ్చి తాళం తీసింది.

"నాన్న లోపలే ఉన్నాడక్కా. రండి."

మాస్టారు వంటగదిలో ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి, ఒంగుని నీళ్ళ సీసా కోసం వెతుకుతున్నాడు. ఫ్రిజ్ కీ కీమని అరుస్తోంది. తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచితే అరిచే రకం. గుమ్మంలోకి వచ్చేటప్పటికే ఆ అరుపు ఆమె చెవికి ముల్లులా తగిలింది. ఆయన మాత్రం తీరిగ్గా ఒక సీసా తీసి, ఊపి చూసి, పెట్టేసి, ఇంకొకటి తీశాడు. అప్పుడు వెనక్కి తిరిగి వీళ్ళిద్దరినీ చూసి ఉలిక్కిపడ్డాడు.

"అరె, ఎప్పుడొచ్చావమ్మా?"

కూతురు వెళ్ళి ఫ్రిజ్ తలుపు మూసింది. అరుపు ఆగింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. అరుపు ఉన్నప్పుడు ఎలా ఉన్నాడో, పోయాక కూడా అలాగే ఉన్నాడు.

ఆమె సీసా పట్టుకున్న ఆయన చేతినీ, మూసిన ఫ్రిజ్ తలుపునీ చూస్తూ కాసేపు నిలబడిపోయింది. టేపుల సంగతి అడగడం మర్చిపోయింది.

వెళ్ళేటప్పుడు కూతురు మెట్ల దాకా వచ్చింది. "మీకు తెలిసిపోయింది కదూ?" అంది నెమ్మదిగా.

"ఎప్పటినుంచి?"

"మూడేళ్ళయింది. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, నువ్వే నోట్లో నోట్లో గొణుగుతావు, సరిగ్గా మాట్లాడటం నేర్చుకో అంటాడు. ఇప్పుడు ఈ సినిమా వచ్చింది. బయటికి పొక్కితే ఇంకెవరు పిలుస్తారు? అక్కా, మీకు దండం పెడతా, ఎవరికీ చెప్పకండి."

తలూపి వచ్చేసింది. దారి పొడుగునా మూడు రోజులుగా తను పడిన మాటలన్నీ గుర్తొచ్చాయి. గుడ్డ కప్పింది తను కాదు. ఆ గుడ్డ ఆయన చెవుల మీదే ఉంది.

గురువారం సాయంత్రం మేనేజరు దగ్గర్నుంచి మెసేజీ వచ్చింది. ఇంకెవరికైనా ఇచ్చి చూద్దామనుకుంటున్నామని, దర్శకుడు కూడా అదే అంటున్నాడని, శుక్రవారం మధ్యాహ్నానికి ఏ సంగతీ చెప్పకపోతే ఫైళ్ళు వేరే స్టూడియోకి వెళ్తాయని రాశాడు. చివర ఒక ముక్క చేర్చాడు: "మీ చెవులు కొంచెం అలసిపోయినట్టున్నాయి మేడం. విశ్రాంతి తీసుకోండి."

భోజనానికి కూర్చుని కంచంలో అన్నం కెలుకుతూనే ఫోను తీసింది. "అలసిపోయింది నా చెవులు కాదు, మాస్టారివే" అని సగం రాసి, చెరిపేసి, మళ్ళీ రాసింది.

"ఆ ఫోనేం పాపం చేసింది, అలా పొడుస్తున్నావు?" అన్నాడు భర్త. ఆయనకి కళ్ళద్దాల షాపు ఉంది.

ఆమె జరిగిందంతా చెప్పింది. ఆయన నవ్వలేదు.

"నా దగ్గరికి ఒకాయన వచ్చేవాడు. బోర్డు మీద ఆఖరి వరస అక్షరాలు గడగడా అప్పజెప్పేసేవాడు. బయట కూర్చున్నప్పుడు వేరేవాళ్ళు చదువుతుంటే విని బట్టీపట్టాడన్నమాట. ఒకరోజు వేరే అక్షరాలు వచ్చేలా బోర్డు తిప్పేశాను. మర్నాటినుంచి రావడం మానేశాడు."

"తప్పెవరిది?"

"తిప్పడం తప్పు కాదు. షాపు నిండా జనం ఉన్నప్పుడు తిప్పాను, అదీ నా తప్పు." కంచం తీసుకుని లేచాడు. "ముందు ఆయనకే చెప్పు. తర్వాత ఊరికి చెబుదువుగానిలే."

ఆమె మెసేజీ చెరిపేసింది. కోపం మాత్రం చెరగలేదు.

శుక్రవారం తొమ్మిదింటికల్లా మాస్టారినీ కూతురినీ రమ్మంది. ఆయన సోఫాలో కూర్చోబోతుంటే ఆపి, తన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసింది.

"ఈరోజు సంగీతం వద్దు మాస్టారూ. ముందు మన చెవులు చూసుకుందాం."

"ఏంటీ?"

ఆమె ఆయనకి ఎదురుగా ఒంగి మళ్ళీ చెప్పింది. ఆయన మొహం ఎర్రబడింది.

"నాకు పరీక్ష పెడుతున్నావా? నలభై నాలుగేళ్ళుగా..." అంటూ లేచి తలుపు దాకా వెళ్ళాడు. కూతురు తలుపుకి అడ్డంగా నిలబడి ఉంది. తప్పుకోలేదు.

"మీకొక్కరికే కాదు," అంది ఆమె. "నాకూను. కంపెనీవాళ్ళు నా చెవులు పోయాయంటున్నారు. మీరూ అదే అన్నారు. ఎవరివి ఎంతవరకు ఉన్నాయో తేల్చేద్దాం."

తనూ కూర్చుంటానంది కాబట్టి ఆయన వెనక్కి వచ్చాడు. ఆమె ఎందుకు కూర్చుంటోందో ఆమెకి బాగా తెలుసు. పక్కన తనుంటే ఆ తేడా ఇంకెవరూ చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది.

పద్ధతి తేలికైనదే. ఒక చిన్న పెట్టెలోంచి ఒకే స్వరం వస్తుంది. గుండీ తిప్పేకొద్దీ అది సన్నబడుతూ పైకిపోతుంది, పెట్టె మీద అంకె కూడా పెరుగుతుంది. ఇద్దరూ కళ్ళు మూసుకుని చెయ్యెత్తాలి. వినపడడం ఆగాక దించాలి. వెనక నిలబడి గుండీ తిప్పుతూ, చెయ్యి దిగినప్పుడు ఎంత అంకె ఉందో కాగితం మీద రాసే పని కూతురికి అప్పజెప్పింది.

స్వరం మొదలైంది. రొదలా ఉన్నది మూలుగైంది, మూలుగు సన్నాయి అయింది, సన్నాయి ఈల అయింది. పక్కన చొక్కా చెయ్యి రాసుకున్న చప్పుడు. మాస్టారు చెయ్యి దించాడని కళ్ళు తెరవకుండానే తెలిసింది. అంత తొందరగానా అని ఆమెకి జాలేసింది. దాని అడుగున, నాలుగు రోజుల మంట చల్లారిన హాయి కూడా ఉంది. తన చెయ్యి ఎత్తే ఉంది. ఈల సూదయింది. సూది దారమైంది. దారం పోయింది. ఆమె చెయ్యి దించి కళ్ళు తెరిచింది.

"చాలు, ఆపెయ్."

"ఆపడమేంటక్కా?" అంది కూతురు, ఒక చెవి భుజానికి ఆనించి మొహమంతా చిట్లించుకుని. "ఇంకా మోగుతోందిగా."

"ఎక్కడ?"

"ఇక్కడే. ఈ గదిలోనే. అబ్బ!"

ఆమె లేచింది. పెట్టె వెనక తీగ పీకి మళ్ళీ పెట్టింది. ఇంకో తీగ మార్చింది. స్పీకరుకి చెవి ఆనించింది. ఏమీ లేదు. గుండీ తనే పట్టుకుని ఇంకాస్త తిప్పింది. ఏమీ లేదు. కూతురు మాత్రం రెండు చేతులతో చెవులు మూసుకుంది.

కాగితం మీద రెండు అంకెలు ఉన్నాయి. మాస్టారిది నాలుగు వేలు. తనది పదకొండు వేలు. పెట్టె ఇప్పుడు చూపిస్తున్నది పదిహేను వేలు.

వయసుతో పాటు పై శబ్దాలు పోతాయని ఆమెకి తెలియనిది కాదు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి ఆ పాఠం తనే చెప్తుంది. కానీ చెప్పిన ప్రతిసారీ అది ఇంకెవరి గురించో అన్నట్టే చెప్పింది. నలభై ఏడేళ్ళొచ్చాయి. ఒక్కసారి కూడా ఈ పెట్టె ముందు కూర్చోలేదు.

"మీ మూడో ట్రాకులో ఉన్న ఈల ఇంచుమించు ఇలాంటిదే," అంది కూతురు. "ఇంకాస్త పైన. సోమవారం నుంచీ అందుకేగా నేను బయటికి పోతున్నది. ఇక్కడి యంత్రాల చప్పుడేమో అనుకున్నాను. మీరంత పెద్ద చెవులమ్మ, మీకు తెలియకుండా ఉంటుందా అని ఊరుకున్నాను."

ఆమె మూడో ట్రాకు పెట్టింది. ఒక్క క్షణం ఆగి, తెర మీది తువ్వాలు తీసి పక్కన పడేసింది. మాస్టారి స్వరం తెర అడుగున దట్టంగా, మేఘాల్లా కదులుతోంది. చాలా పైన, మేఘాలతో ఏ సంబంధమూ లేకుండా, ఒక తెల్లటి గీత ఆ చివర నుంచి ఈ చివర దాకా స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. నాలుగు రోజులుగా తను పెంచిన ఎనిమిది గీతలూ దాన్ని మోసుకెళ్ళి పిల్లల చెవుల్లో గుచ్చాయి.

కూతురు స్పీకరు దగ్గరికి వచ్చి తల వంచి వింది. "ఆగండి. ఇది నాకు తెలుసు. ఇది మా టీవీ."

"ఏ టీవీ?"

"నాన్న గదిలో ఉన్న పాత డబ్బా టీవీ. సినిమా దాంట్లో చూస్తూనే వాయిస్తాడు, కొత్తవి పడవు. చిన్నప్పుడు స్కూలు నుంచి వస్తూ గుమ్మం బయటే తెలిసిపోయేది నాకు, టీవీ పెట్టి ఉందో లేదో. బొమ్మ రాకపోయినా ఇలాగే సన్నగా అరుస్తుంది."

గదిలో గాలి కూడా సంగీతంలోకి రావాలన్న మనిషి, ఆ గాలిలో ఏముందో తెలియక కుర్చీలో అలాగే కూర్చుని ఉన్నాడు. కూతురు వెళ్ళి, ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని అంతా చెప్పింది. ఈసారి ఆయన గొణుగుతున్నావని అనలేదు.

ఆయన కాగితం చేతిలోకి తీసుకున్నాడు. "నాలుగు వేలా?" అన్నాడు. తర్వాత రెండో అంకె చూసి ఆమె వైపు తిరిగాడు. "నీది పదకొండు."

"అవును మాస్టారూ."

"అంటే మనిద్దరం కలిసి నాలుగు రోజులు..."  చొక్కా అంచుతో కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "మరి ఈ సినిమా అంతా నేను సగం వినే చేశానన్నమాట."

ఊరడింపు మాటలు ఆమెకి చేతకావు. తెర మీద అడుగు భాగం వేలితో చూపించింది. "ఇక్కడ చూడండి. ఈ కింద మీరు చేసిన పనికి మొదటిరోజు నుంచీ నేను చెయ్యి పెట్టలేదు. పెట్టడానికి సందు లేదు. ఇరవై రెండేళ్ళలో అడుగు ఇంత శ్రద్ధగా చేసినవాళ్ళని నేను చూడలేదు. పై సంగతంటారా, మన ఇద్దరిదీ కాదు ఆ పని."

కుర్చీలోంచి లేచి కూతురిని కూర్చోమంది.

"నాకు సంగీతం రాదక్కా."

"రానక్కర్లేదు. ఉందో లేదో చెప్పు చాలు."

ట్రెబుల్ గుండీని సోమవారం పొద్దున తను మొదట పెట్టిన చోటికి, రెండో గీతకి, దించేసింది. నాలుగు రోజుల పని ఒక్క మెలికతో పోయింది. తర్వాత ఆ తెల్లటి గీత దగ్గర సన్నగా, వెంట్రుక మందాన కోత పెట్టింది. "ఉందా?" అంటే "ఉంది" అంది కూతురు. ఇంకాస్త లోతుగా కోసింది. "ఉందా?" "కొంచెం." ఆమెకి రెండింటికీ తేడా లేదు. తనకి లేని శబ్దాన్ని ఇంకొకరి మాట మీద కొయ్యడం కళ్ళకి గంత కట్టుకుని సూదిలో దారం ఎక్కించినట్టు ఉంది. పది ట్రాకులు అయ్యేసరికి మెడ పట్టేసింది. పదకొండోదానికి కూతురు జవాబు చెప్పడం మానేసి, వెనక్కి వాలి ఊరికే వింటోంది.

"ఏమ్మా, ఉందా లేదా?"

"లేదు," అని, తండ్రి వైపు చూసి, "బాగుంది నాన్నా," అంది. ఆయనకి వినపడలేదేమోనని ఇంకోసారి గట్టిగా అంది.

పన్నెండున్నర అయింది. ఆమె మేనేజరుకి ఫోన్ చేసింది.

"మీ పిల్లలు చెప్పింది నిజం," అంది. "మూడో ట్రాకులోనే కాదు, ఆరింటిలో ఈల ఉంది. తీసేశాను. ట్రెబుల్ కూడా తగ్గించాను. కొత్త ఫైళ్ళు గంటలో పంపిస్తా, వాళ్ళకే వినిపించండి."

"అరె! మరి మొన్న లేదన్నారు?"

మాస్టారు తన మొహం వైపే చూస్తున్నాడని ఆమెకి తెలుస్తోంది. కాగితం ఆయన చేతిలోనే ఉంది.

"నాకు వినపడలేదు," అంది ఆమె.



"మీకా మేడం?"

"నాకే. నా చెవులు అంతవరకు అందవు. ఆ రోజు మీ వాళ్ళని అనరాని మాటన్నాను, పొరపాటైందని చెప్పండి. ఇకనుంచి ఆఖర్న వినడానికి ఒక చిన్న వయసువాళ్ళని పెట్టుకుంటాను."

"అయ్యో, దానిదేముంది మేడం..." మేనేజరు తడబడ్డాడు. "మరి ట్రెబుల్ తగ్గిస్తే మాస్టారు ఊరుకున్నారా? ఒప్పుకున్నారా?"

"ఏమంటున్నాడు?" అని అడిగాడు మాస్టారు.

ఆమె ఫోను అరచేత్తో మూసి, కుర్చీ ఆయనవైపు తిప్పుకుంది. తన పెదవులు ఆయనకి కనపడేలా కూర్చుని, ఒక్కొక్క మాటా విడివిడిగా అంది. "మీరు ఒప్పుకున్నారా అని అడుగుతున్నాడు."

ఆయన కాగితాన్ని రెండు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"మా అమ్మాయి ఒప్పుకుందని చెప్పు."